బండవ్వ ముఖం

తిరుపతి పుట్టింది నల్లగండ్లలో, రాళ్లు కొట్టేవాళ్ల వాడలో. మూడో ఏట తల్లి పోయింది. తండ్రి వేరే ఊళ్లో వేరే సంసారం పెట్టుకుని మళ్లీ ఈ వైపు చూడలేదు. పిల్లవాణ్ణి మేనత్త రుక్కమ్మ చంకనేసుకుంది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు, పిల్లల్లేరు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఖాజాగూడ వైపు క్వారీలో పనిచేసేవాళ్లు.

తిరుపతికి ఐదేళ్లున్నప్పుడు ఆ క్వారీలో బండలు పేల్చే తూటా చెప్పిన వేళకు ముందే పేలింది. రుక్కమ్మ మొగుడు అక్కడికక్కడే పోయాడు. ఒక రాయి ముక్క ఆమె ఎడమ చెంపను చీల్చుకుంటూ పోయింది. మూడు నెలలు దవాఖానలో ఉండి వచ్చింది. ఎడమ కన్ను పాలు పోసినట్టు తెల్లబడింది. చెంప మీద తోలు ముడతపడి గట్టిపడింది. పెదవి ఆ కొసన పైకి లాక్కుపోయి, ఏడుస్తున్నా ఆ పక్కన నవ్వుతున్నట్టే కనిపించేది. గడ్డం మీద, కణతల మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్లు మాత్రం చెక్కుచెదరలేదు.

కట్లు విప్పిన ముఖంతో ఆమె ఇంటికి వచ్చిన రోజు తిరుపతి కేక పెట్టి పక్కింట్లోకి పరుగెత్తి మంచం కింద దూరాడు. రెండు రోజులు దగ్గరికి రాలేదు. మూడో రోజు ఆమె గడపలో అడ్డంగా కూర్చుంది. కుడి పక్క వాడి వైపు తిప్పి, ఎడమ పక్క గోడకు ఆనించి, కంచంలో అన్నం కలిపి పెట్టుకుని పిలిచింది.

"దా బిడ్డా, బువ్వ తిందువు దా."

కుడి పక్క ముఖం మునుపటి లాగే ఉంది. వాడు వెళ్లాడు. ఆ తరువాత నెల రోజులు ఆమె వాడికి అలాగే అన్నం పెట్టింది, గోడకు ఆనుకుని, ఒక పక్కే చూపిస్తూ. వాడు మెల్లమెల్లగా రెండో పక్కకు అలవాటు పడ్డాడు.

వాడి కోసం ఆ నెల రోజులు దాచిందే తప్ప, ఆమె ముఖం ఇంకెవరి ముందూ దాచలేదు. వాడలో ఆడవాళ్లు కొంగు కప్పుకొమ్మని చెబితే, "నేనేమన్న దొంగతనం జేసిన్నా? ఎందుకు గప్పుకోవాలె?" అనేది. క్వారీ పని మానేశాక కొత్తగూడ చౌరస్తా దగ్గర బండి మీద జొన్నరొట్టెలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. సాయంత్రం ఐదు దాటితే మెడలో ఐడీ కార్డులేసుకున్న ఆఫీసు పిల్లలు వరస కట్టేవాళ్లు. చేత్తో తట్టి ఆమె చేసే రొట్టె సన్నగా, అంచు దాకా ఒక్క మందంలో పొంగేది. ఆమె ముఖం చూసి మొదటి రోజు తడబడినవాళ్లు రెండో రోజుకు "అవ్వా, నాలుగు రొట్టెలు" అని మామూలుగా అడిగేవాళ్లు.

ఆ రొట్టెల మీదే తిరుపతి చదువు సాగింది. చిన్నప్పుడు బొగ్గుతో బండల మీద బొమ్మలు గీసేవాడు. బడిలో డ్రాయింగ్ సారు పట్టుబట్టి పరీక్ష రాయిస్తే ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సీటు వచ్చింది. అక్కణ్ణించి కంప్యూటర్ మీద బొమ్మలు చేయడం నేర్చుకుని, మాదాపూర్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే స్టూడియోలో చేరాడు. అద్దాల మేడ, నాలుగో అంతస్తు, వేసవిలో కూడా చలి వేసే ఏసీ.

అక్కడ నోరు విప్పిన మొదటి రోజే ఎవరో "ఏంది, ఎట్లనో" అని అతని మాటను తిప్పి పలికారు. అందరూ నవ్వారు. తిట్టలేదు, కొట్టలేదు, ఊరికే నవ్వారు. ఆరు నెలల్లో తిరుపతి 'అండి' నేర్చుకున్నాడు. ఫోన్‌లో కూడా అలాగే మాట్లాడేవాడు. ఇంట్లో ఎవరుంటారని అడిగితే, "అత్తయ్య ఉంటారండీ. చిన్న హోటల్ బిజినెస్" అని చెప్పేవాడు. సాయంత్రం తోటివాళ్లు జొన్నరొట్టెలకని కొత్తగూడ వెళదామంటే, తనకు రొట్టె పడదని చెప్పి ఆగిపోయేవాడు.

రెండు వేల పది చివర్లో స్టూడియోకి ఒక పెద్ద పని వచ్చింది. నలభై ఏళ్ల కిందటి దయ్యాల సినిమా ఒకదాన్ని మళ్లీ తీస్తున్నారు. బండల కింద మరో లోకపు వాళ్లుంటారు, బండలు పగలగొట్టడానికి వచ్చిన మనుషుల్ని ఒక్కొక్కరినే పిలిచి మింగుతారు, అదీ కథ. పాత సినిమాలో ఆ బండకింది వాళ్లకు తెల్లచీరలు, దూది గడ్డాలు, అట్టతో చేసిన కోరలు. అప్పట్లో జనం హాల్లోంచి లేచి పరుగెత్తారట. ఇప్పుడు చూస్తే పిల్లలు కూడా నవ్వుతారు. కొత్త రూపాలు కావాలి. డైరెక్టరు నరసింహమూర్తి గోదావరి జిల్లాల మనిషి. పని తెలిసినవాడు, మాట తీపి. రూపాలు గీసే పని తిరుపతికి అప్పగించారు. అతని పైన సూపర్‌వైజరు సురేంద్ర. ధర్మవరం నుంచి వచ్చి మియాపూర్‌లో కాపురం పెట్టినవాడు.

మూడు నెలల్లో తిరుపతి అరవై బొమ్మలు గీశాడు. అన్నీ తిరిగొచ్చాయి.

"ఇది ఇంగ్లీషు సినిమాలో చూశానయ్యా. ఇది జపాను వాళ్లది. ఇది బొత్తిగా రాయిలా ఉంది, రాయిని చూసి ఎవరు భయపడతారు?" అనేవాడు నరసింహమూర్తి. "మన మట్టిలోంచి రావాలి. చూడగానే ఎక్కడో చూసినట్టుండాలి, అయినా గుండె జారిపోవాలి."

అలాంటి ఒక మీటింగు అయ్యాక సురేంద్ర అతన్ని టీకి తీసుకెళ్లాడు. మంచివాడు, మంచి మాటే చెప్పాడు.

"ఎందుకప్పా అంత తన్నుకులాడతావు? పుస్తకాలు మూసెయ్. నీకు చిన్నప్పుడు దేన్ని చూస్తే భయమేసిందో అది గీయి. అందరికీ భయం అక్కణ్ణుంచే వచ్చేది."

తిరుపతి టీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏం గీయాలో ఆ క్షణమే అతనికి తెలిసిపోయింది. గీయకూడదనీ తెలిసింది. మధ్యాహ్నానికల్లా గీశాడు.

తెల్లకన్ను, ముడతపడి రాయిలా మారిన చెంప, ఒక కొసన పైకి లాగిన పెదవి, గడ్డం మీద పచ్చబొట్లు. నరసింహమూర్తి బొమ్మను చాలాసేపు చూసి కుర్చీలోంచి లేచి వచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

"ఎక్కణ్ణించి తెచ్చావయ్యా దీన్ని? బ్రహ్మాండం! ఇది ఎలా నడుస్తుంది, ఎలా పిలుస్తుంది?"

ఇంత మెచ్చుకోలు తిరుపతి ఎరగడు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ముందు కుడి పక్కే చూపిస్తుందండీ. మామూలు ఆడమనిషిలా ఉంటుంది. పిల్లాడు దగ్గరికి వచ్చాక ఇటు తిరుగుతుంది."

"ఏమని పిలుస్తుంది?"

"దా బిడ్డా, బువ్వ తిందువు దా... అనండీ."

గదిలో ఒకమ్మాయి చేతులు చూపించి, "రోమాలు లేచాయి సార్" అంది. నరసింహమూర్తి చప్పట్లు కొట్టాడు. ఆ ఆకారానికి బండవ్వ అని అక్కడే పేరు పెట్టారు.

బొమ్మను నిజమైన ముఖంలా చేయాలంటే తోలు, గీతలు, మచ్చలు దగ్గర నుంచి తీసిన ఫోటోలు కావాలి. ఎవరినైనా చూసి మేకప్ వేయించి తీద్దామన్నాడు సురేంద్ర. తనకు తెలిసిన ఒక మనిషి ఉందని, ఫోటోలు తానే తీసుకొస్తానని తిరుపతి ఆఫీసు కెమెరా పట్టుకుని ఆదివారం ఇంటికి వెళ్లాడు.

"అత్తా, నీ ఫోటోలు తీస్త."

రుక్కమ్మ నమ్మలేదు. "నా ఫోటోనా? ఎందుకు రా, రేషన్ కార్డుకా?"

"ఊకెనే. మంచి కెమెరా దొరికింది."

ఆమె స్నానం చేసి వచ్చింది. తలకు నూనె పెట్టుకుని, బోనాలకు కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుని, ఇంటి ముందు బండ మీద కూర్చుంది. కొత్తచీర మడత విప్పిన గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. కెమెరా ఎత్తగానే అలవాటుగా కుడి పక్క తిప్పింది.

"గట్ల కాదత్తా. ఇటు తిరుగు."

"ఇటెందుకు రా? గీ పక్క మంచిగుంటది."

"వెలుతురు ఆ పక్కనే బాగుంది."

ఆమె నమ్మి తిరిగింది. ఎండ నేరుగా చెంప మీద పడింది. అతను దగ్గరికి వెళ్లి, ఇంకా దగ్గరికి వెళ్లి, కన్ను, పెదవి కొస, చెంప మీద ఒక్కో గుంట, ఒక్కో ముడత ఎనభై ఫోటోలు తీశాడు. ఆమె కదలకుండా కూర్చుంది. "గిన్నెందుకు రా" అని ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు కూడా తీశాడు. చివర్లో ఆమె, "ఒకటి పెద్దగ జేసి తే బిడ్డా, గోడకు పెట్టుకుంట" అంది. తెస్తానన్నాడు. తేలేదు.

రెండు వేల పదకొండు ఆగస్టులో టీజర్ విడుదల చేశారు. బంజారాహిల్స్‌లో ఒక హోటల్లో సభ, తెర నిండా బండవ్వ. చీకట్లో ఆమె కుడి పక్క, ఆ పిలుపు, తరువాత తిరగడం. హాలంతా ఒక్కసారి వెనక్కి జరిగింది. ఆ వెంటనే చప్పట్లు. అప్పటికి ఊరూరా తెలంగాణ ఉద్యమం వేడిగా ఉంది. విలేకరుల్లోంచి ఒకాయన లేచి అడిగాడు.

"హీరోకు ఒక భాష, దయ్యానికి తెలంగాణ భాషనా సార్? గిది అవమానం గాదా?"

నరసింహమూర్తి తొణకలేదు. "ఆ మాట రాసింది మా డిజైనర్ తిరుపతి గారు. ఇక్కడి బిడ్డే. ఆయన్నే అడగండి" అని మైకు చేతికిచ్చాడు.

తిరుపతి లేచాడు. ఎదురుగా ఆ విలేకరి నోట్‌బుక్కు తెరిచి నిలబడి ఉన్నాడు. వయసులో తనంతే ఉంటాడు. మాట తన వాడ మాటే.

"అవమానం ఏమీ లేదండీ. మా భాషంటే అందరికీ ఇష్టమేనండీ. అందుకే పెట్టామండీ" అన్నాడు.

విలేకరి రాసుకోలేదు. నోట్‌బుక్కు మూసి కూర్చున్నాడు. తన నోట్లోంచి వచ్చిన ఆ మూడు 'అండీ'లూ తిరుపతికి ఇంటికెళ్లే దారంతా వినిపిస్తూనే ఉన్నాయి.

వారం రోజుల్లో బండవ్వ అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. పక్కింట్లో పింకీ అని ఆరేళ్ల పిల్ల ఉండేది. బడి వదలగానే రుక్కమ్మ ఒళ్లో కూర్చుని రొట్టె తినడం ఆ పిల్లకు అలవాటు. ఒకరోజు రుక్కమ్మ గడపలోంచి ఎప్పటిలాగే పిలిస్తే, పింకీ గోడ వెనక నుంచి తొంగిచూసి, "బండవ్వ! బండవ్వ!" అని ఏడుస్తూ పరుగెత్తింది. వాడలో పెద్దపిల్లలు ఆ పేరే పట్టుకున్నారు. కొత్తగూడలో రొట్టెల బండి ముందు ఎవరెవరో ఆగి, ఫోన్లు పైకెత్తి, "అచ్చం అలాగే ఉంది చూడు" అని ఫోటోలు తీసుకుని, రొట్టెలు కొనకుండా వెళ్లిపోయేవాళ్లు.

ఒక సాయంత్రం తిరుపతి బస్సులోంచి చూశాడు. రుక్కమ్మ పెనం ముందు నిలబడి ఉంది. కొంగు తల మీంచి లాగి ఎడమ చెంప పూర్తిగా కప్పి, కొస పళ్లతో పట్టుకుని రొట్టె తిప్పుతోంది. కొంగు అంచు మంట దాకా వేలాడుతోంది. దిగాల్సిన స్టాపే అది. దిగలేదు.

ఇంట్లో ఆమె అడిగింది. "ఏందో సినిమా ఒస్తున్నదంట, బండవ్వ అంట. పోరగాండ్లు నన్ను గట్లనే పిలుస్తున్రు. నువ్వు పనిచేసే కాడ జేసిందేనా?"

"తెల్వదత్తా. శానా కంపెనీలు చేస్తయి" అన్నాడు తిరుపతి.

"అట్లనా" అని ఆమె కూర గిన్నె అతని వైపు జరిపింది.

మర్నాడు అతను సురేంద్ర గదిలోకి వెళ్లి తలుపు వేశాడు. అది తన మేనత్త ముఖమని, తనను పెంచిన మనిషని, అడగకుండా తీశానని, మార్చేద్దామని చెప్పాడు.

"కొత్తగూడ చౌరస్తా బండి మీద రోజూ రొట్టెలు తీసుకుపోతాను నేను. ఆయమ్మేనా?" అన్నాడు సురేంద్ర. "ఆమె నీకు అత్త అని ఒక్కసారి కూడా చెప్పలేదే నువ్వు."

తిరుపతి తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

సురేంద్ర విషయం పైకి చెప్పాడు. పైవాళ్లకు ముఖం మార్చాలన్న ఆలోచన రాలేదు. రేపు కోర్టుకు వెళితే ఎలా అన్న భయం వచ్చింది. రెండు పేజీల ఇంగ్లీషు కాగితం తయారుచేసి, ఆమె సంతకం తెమ్మన్నారు. ఆ కాగితం అందించేటప్పుడు సురేంద్ర అతని కళ్లలోకి చూడలేదు. "నేను వద్దన్నానప్పా. వాళ్లు వినలేదు. సంతకానికి నన్ను పొమ్మన్నారు, నాకు చేతకాదన్నా" అన్నాడు.

అప్పటికి సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సుల్లేవు, బడుల్లేవు. స్టూడియో జనరేటరు మీద నడుస్తోంది. రొట్టెల బండి కట్టేసి, రుక్కమ్మ రోజూ లింగంపల్లి రోడ్డు మీదే వండి తింటూ నిరసన చేసే వంటావార్పులో కూర్చుంటోంది. తిరుపతి మాదాపూర్ నుంచి నడిచి వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. ఆమె అప్పుడే ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మెడలో గులాబీ తువ్వాలు, ముఖానికి కొంగు.

"అత్తా, ఒక సంతకం కావాలె."

"దేనికి?"

"ఆఫీసుల అడిగిన్రు. నీ ఫోటోలు తీసిన గద, దానికి."

రుక్కమ్మ సాక్షరత బడిలో సంతకం నేర్చుకుంది. పెన్ను అందుకుంది గానీ పెట్టలేదు. "సదువు. ఏమున్నదో వినకుండ పెట్ట. మా అయ్య గట్లనే ఏలుముద్ర ఏసి, పొద్దుగాల చూస్తే భూమి లేదు."

గడపలో కూర్చుని అతను చదవడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. "రుక్కమ్మ అనే నేను... నా ఇష్టపూర్తిగా... నా ముఖాన్ని, ముఖం మీది గుర్తుల్ని..." అక్కడ ఆగాడు. తరువాతి వాక్యం కళ్ల ముందే ఉంది.

"ఆగినవేంది? ముఖాన్ని?"

"సినిమాల..."

"ఆ, సినిమాల?"

"దయ్యం పాత్రకు వాడుకోనీకి ఒప్పుకుంటున్న."

ఆమె కొంగు కొస పళ్లలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకోలేదు. రోడ్డు మీద ఎవరో నినాదాలిస్తూ పోయారు.

"సూపియ్యి" అంది.

అతను ఫోన్ తీసి టీజర్ పెట్టాడు. ఆమె ఫోన్‌ను మంచి కన్నుకు దగ్గరగా పెట్టుకుని చూసింది. నిమిషన్నర. బండవ్వ పిలిచింది, పిల్లాడు వచ్చాడు, బండవ్వ తిరిగింది. అయిపోయాక, "ఇంకోసారి" అంది. రెండోసారి పిలుపు వరకే చూసి ఫోన్ కింద పెట్టింది.

"గీ మాట వాళ్లకెవరు జెప్పిండ్రు?"

"నేనే."

"గిట్ల ఒక పక్కకు కూసునుడు?"

"అదీ నేనే జెప్పిన అత్తా."

రుక్కమ్మ తన చేతుల వైపు చూసుకుంది. వేళ్ల సందుల్లో వంటావార్పులో అంటిన జొన్నపిండి ఆరి ఉంది.

"అప్పుడు నీకు ఐదేండ్లు. నీకు యాదికుంటదనుకోలే" అంది. ఆ పిండిని గోటితో గీకుతూ, "గంత భయపడ్డవా బిడ్డా?" అంది. ఆ తరువాత తనలో తాను అనుకున్నట్టు, "నేను మంచిగ జేస్తున్న అనుకున్న" అంది.

తిరుపతి ఆమె కాళ్ల మీద పడిపోదామనుకున్నాడు. అలా చేస్తే ఆమె లేవనెత్తి ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని కూడా ఆమెకే పెట్టడానికి మనసొప్పలేదు. అలాగే కూర్చున్నాడు. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని జేబులో దోపింది.

"నేను పెట్ట" అని లోపలికి వెళ్లింది.

సంతకం లేదన్న మాట విని నరసింహమూర్తి స్టూడియోకి వచ్చాడు. మొదటిసారి గొంతు పెంచాడు. "ఇంట్లో మనిషిని ఒప్పించలేవా? దేశమంతా చూసిన ముఖమయ్యా అది!" అన్నాడు. లాయరు మాత్రం సంతకం లేకుండా వాడొద్దన్నాడు. వేరే ముఖం కావాలి, ఆరు వారాల్లో కావాలి. సమ్మెతో సగం మంది రావడం లేదు. తిరుపతి బాత్రూం అద్దం ముందు నిలబడి తన ముఖాన్నే ఫోటోలు తీసుకున్నాడు. దాన్నే ముసలిదాన్ని చేశాడు, దాన్నే రాయిని చేశాడు. మచ్చలు పెట్టలేదు, పచ్చబొట్లు పెట్టలేదు. నరసింహమూర్తి చూసి, "బాగానే ఉంది. కానీ మొదటిదానిలో ఉన్న నిజం దీన్లో లేదు" అన్నాడు.

"ఆ పిలుపు కూడా తీసేద్దామండీ" అని బతిమాలాడు తిరుపతి.

"మాట ఎవరి సొత్తయ్యా? అన్నానికి పిలవడానికి కూడా సంతకం కావాలా?" అన్నాడు నరసింహమూర్తి. పిలుపు ఉండిపోయింది.

రెండు వేల పన్నెండు వేసవిలో సినిమా వచ్చింది, రెండు వారాలు ఆడి పోయింది. పిలుపు మాత్రం మిగిలింది. ఒకరినొకరు ఆటపట్టించుకోవడానికి కుర్రకారు ఆ మాటే అనేవాళ్లు. టీజర్‌ను కంపెనీ తీసేసింది గానీ, దాన్ని అప్పటికే ఎందరో తమ పేజీల్లో పెట్టుకున్నారు. తిరుపతి కొన్నాళ్లు ఒక్కొక్కరికీ ఉత్తరం రాసి తీసేయమని అడిగాడు. ఇద్దరు తీశారు.

పిల్లలు తొందరగా మరిచిపోతారు. ఆ ఏడాది దసరా నాటికి పింకీ మళ్లీ రుక్కమ్మ ఒళ్లో కూర్చుంది. రొట్టెల బండి నడిచింది. రుక్కమ్మ అతనితో మాట్లాడటం మానలేదు, వండి పెట్టడం మానలేదు. ముందైతే అన్నానికి నోరారా పిలిచేది. ఇప్పుడు కంచం పెట్టి, "పెట్టిన" అని పక్కకు వెళ్లిపోయేది. కోపంతో కాదు. ఆ పిలుపు ఇక తనది కాదన్నట్టు. బజారుకు వెళితే కొంగు ముఖం మీదికి వచ్చేది. తిరుపతి దాని గురించి అడగలేదు. అడిగే ముఖం తనకు లేదనుకున్నాడు.

అతను స్టూడియో మానేసి నార్సింగిలో కట్టబోయే అపార్ట్‌మెంట్లకు బొమ్మలు చేసే చోట చేరాడు. లేని మేడలు, లేని చెట్లు, లేని పిల్లలు. ఎవరినీ నొప్పించని పని.

రెండు వేల పద్నాలుగులో, రాష్ట్రం వచ్చిన నెలలోనే, గచ్చిబౌలిలో ఒక పెద్ద స్టూడియో ఇంటర్వ్యూకు పిలిచింది. ముగ్గురు కూర్చున్నారు. అందులో ఒకావిడ, సౌజన్య అని, అతను తెచ్చిన బొమ్మలన్నీ చూసి అడిగింది.

"ఆ బండవ్వ సినిమా టీజర్‌లో మొదట ఒక ముఖం ఉండేది కదండీ, సినిమాలో లేదు. అలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు. అది ఎవరు చేశారు?"

"తెలియదండీ. నేను చేరకముందే చేశారనుకుంటా" అన్నాడు తిరుపతి.

సాయంత్రం ఇంటికి వచ్చి, మూడేళ్లలో మొదటిసారి, ఆ సంగతి తానే ఎత్తాడు. రుక్కమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది.

"ఇయ్యాల ఇంటర్వ్యూల నీ ముఖం గురించి అడిగిన్రు అత్తా. నాకు తెల్వదని జెప్పిన."

అతను అనుకున్నది వేరు. ఆమె కాస్త తేలికపడుతుందనుకున్నాడు. ఆమె చెరగడం ఆపింది.

"ఎందుకు?"

"నీ పేరు బయటికి రావద్దని."

"నా పేరు ఎన్నడు బయటికొచ్చింది రా?" అంది రుక్కమ్మ. "ముఖం ఎత్తుకపోయినవ్, మాట ఎత్తుకపోయినవ్. మా అత్త అని మాత్రం ఒక్క దగ్గర జెప్పలే. గా ఆఫీసుల మూడేండ్లున్నవ్, జెప్పలే. గాళ్లందరు నా దగ్గరనే రొట్టెలు కొంటుండిరి. నువ్వు బస్సుల పోతుంటే నేను సూడలే అనుకున్నవా?"

చెప్పి మళ్లీ చేట అందుకుంది. పొట్టు లేచి గాలికి గుమ్మం దాటి పోయింది.

మర్నాడు పదకొండింటికి తిరుపతి ఆ స్టూడియోకి ఫోన్ చేసి సౌజన్యను అడిగాడు. ఆమె లైన్లోకి రాగానే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"మేడం, నిన్న అబద్ధం జెప్పిన. ఆ ముఖం జేసింది నేనే. అది మా మేనత్తది. ఆమె పేరు రుక్కమ్మ. కొత్తగూడ చౌరస్తా కాడ జొన్నరొట్టెలు అమ్ముతది. నన్ను సాదింది ఆమెనే. నేను ఆమెను అడగకుండనే తీసుకున్న."

ఆ వైపు నుంచి కీబోర్డు చప్పుడు వచ్చింది.

"సరేనండీ, రాసుకుంటాను. స్పెల్లింగ్ ఒకసారి చెబుతారా?" అంది ఆమె.

అతను ఒక్కో అక్షరం విడివిడిగా పలికి మేనత్త పేరు చెప్పాడు. ఉద్యోగం రాలేదు.